ఇరవై అంగుళాల లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజు మనం కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం తుపాకీల గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. ఆ మాట వినగానే నేనూ నవ్వాను. మోకాళ్ళ నొప్పుల వయసులో మనకు తుపాకీలెందుకండీ అన్నాను. ఆయన నవ్వలేదు. "మన సభ్యుల్లో నలుగురైదుగురి ఇళ్ళలో తండ్రుల నాటి తుపాకీలు ఉన్నాయి. కొందరివి అటక మీద, కొందరివి పోలీసు స్టేషన్లో. వాటి సంగతి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మీరు ఆ సెక్షన్‌లో పనిచేశారు కదా, చెప్పండి" అన్నారు.

నిజమే. నా ముప్ఫయి మూడేళ్ళ సర్వీసులో తొమ్మిదేళ్ళు కలెక్టరేటు మెజిస్టీరియల్ సెక్షన్‌లోనే గడిచాయి. ఆయుధ లైసెన్సుల ఫైళ్ళు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. అయినా ఈ రోజు నేను చెప్పబోయేది ఫైళ్ళలో నేర్చుకున్నది కాదు. మా ఇంట్లో నేర్చుకున్నది. కొంచెం సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మా మామగారికి ఒక డి.బి.బి.ఎల్. తుపాకీ ఉండేది. అంటే రెండు గొట్టాలది, వెనక నుంచి తూటా పెట్టేది. గొట్టం పొడవు 30 అంగుళాలు. వారి తదనంతరం లైసెన్సు మా బావమరిది పేరుకు మారింది. ఆ కాగితాలన్నీ దగ్గరుండి నేనే చేయించాను. ఆయన దాన్ని పేల్చింది లేదు. దసరాకు తుడిచి, పూజలో పెట్టి, మళ్ళీ అటక ఎక్కించడమే.

2012 సంక్రాంతికి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు మా బావమరిది ఆ తుపాకీ తెచ్చి చూపించాడు. అటక మీంచి జారిపడి గొట్టాల చివర సొట్టపడింది. "ఏం చేయమంటారు బావగారూ?" అన్నాడు. నేను పేకాటలో ఉన్నాను. తల ఎత్తకుండానే "ఏదో ఒకటి చేయించరా, అలా వదిలేస్తే తుప్పు పడుతుంది" అన్నాను. అంతే. నేను అన్నది అంతే.

చేయించు అంటే లైసెన్సున్న తుపాకీల దుకాణానికి తీసుకెళ్ళి చూపించు అని నా ఉద్దేశం. ఆ మాట నేను నోటితో అనలేదు. ఆయన ఊళ్ళో లేత్ షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రవాడు సొట్టపడ్డ మేరకు, చివర నాలుగంగుళాలు శుభ్రంగా కోసి, అంచు నునుపు చేసి ఇచ్చాడు. వంద రూపాయలు తీసుకున్నాడు.

2014 ఎన్నికలకు అందరితోబాటు మా వాడూ తుపాకీని స్టేషన్లో అప్పగించాడు. ఆ పద్ధతి మీకు తెలిసిందే. అక్కడ పాతకాలపు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, గొట్టం చివర గురి చూసుకునే పూస లేదేమిటని అడిగారు. మా వాడు దాచకుండా జరిగిందంతా చెప్పాడు. ఆ సాయంత్రానికే కేసు నమోదైంది. మొదటి ముద్దాయి మా బావమరిది. రెండో ముద్దాయి లేత్ షాపు కుర్రవాడు.

ఇక్కడ చట్టం ఏమంటుందో కాస్త ఓపికగా వినండి.

బ్రిటిష్‌వారు 1878లో తెచ్చిన ఆయుధ చట్టం స్థానంలో మన పార్లమెంటు 1959లో కొత్త ఆయుధ చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోరాదు. ఇది అందరికీ తెలుసు. 6వ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు. తుపాకీ గొట్టాన్ని పొట్టి చేయాలంటే, ఆ పనికే ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి అంటుంది ఆ సెక్షన్. తుపాకీ ఉంచుకోవడానికి ఉన్న లైసెన్సు దానికి పనికిరాదు. గొట్టం కోయడానికి లైసెన్సు కోరుతూ వచ్చిన దరఖాస్తు నా తొమ్మిదేళ్ళలో ఒక్కటి కూడా చూడలేదు.

మా బావమరిది తరఫు బంధువు ఒకాయన, కొంత లా చదివినవాడు, ధైర్యం చెప్పాడు. "ఇరవై అంగుళాలకు తగ్గకపోతే ఏ గొడవా లేదు. మనది కోసినా ఇరవై ఆరు ఉంది" అన్నాడు. ఈ మాట నేను ఆఫీసులో కూడా చాలాసార్లు విన్నాను. ఇది సగం నిజం. సగం నిజాలతోనే మనుషులు ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

ఇరవై అంగుళాల మాట చట్టంలో ఉన్నది నిజమే. 13వ సెక్షన్‌లో ఉంది. ఆత్మరక్షణకో వేటవినోదానికో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకీ అడిగిన పౌరుడికి, ఇతర అభ్యంతరాలు లేకపోతే, లైసెన్సు ఇవ్వాలి అని చెబుతుంది. పంటల కాపుదలకు ముందునుంచి మందు కూరే తుపాకీకి కూడా అదే మాట. 20 అంగుళాలకు తగ్గితే అది మామూలు తుపాకీల వరుసలోంచి తప్పుకుని, నిబంధనల షెడ్యూలులో ఒకటో వర్గంలోకి, సెమీ ఆటోమేటిక్ ఆయుధాల సరసన, వెళ్ళిపోతుంది.

అంటే 20 అంగుళాలు అన్నది ఎటువంటి తుపాకీకి మామూలుగా లైసెన్సు ఇస్తారు అనే దానికి లెక్క. కోయవచ్చా కూడదా అన్నదానికి అది లెక్క కాదు. 6వ సెక్షన్‌లో అంగుళాల ప్రస్తావనే లేదు. ముప్ఫయిని ఇరవై ఆరు చేసినా, ఇరవై తొమ్మిది చేసినా పొట్టి చేయడమే. చెడు ఉద్దేశం లేదు, సొట్ట తీయించాను అన్నది కోర్టులో చెప్పుకోవలసిన మాటేగానీ, కేసు పెట్టకుండా ఆపే మాట కాదు.

గొట్టం పొట్టిది కావడం మీద చట్టానికి ఇంత పట్టింపు ఎందుకని మీరు అడగవచ్చు. పొడుగు తుపాకీ భుజాన వేసుకుని బజారులో నడిస్తే ఊరంతా చూస్తుంది. దాన్ని కోస్తే దుప్పటి కింద పడుతుంది, సంచిలో పడుతుంది. పొలం కాపలాకు అది దాచవలసిన అవసరం లేదు. దాచవలసిన అవసరం ఎవరికి ఉంటుందో చట్టం చేసినవారికి తెలుసు. దానికితోడు చాలా తుపాకీల్లో గొట్టం చివర కొద్దిగా సన్నగా చేసి ఉంటుంది. రవ్వలు చెదరకుండా గుంపుగా వెళ్ళడానికి ఆ ఏర్పాటు. ఆ ముక్క కోసేస్తే అవి త్వరగా చెదిరిపోతాయి.

ఈ పట్టింపు మన దేశానిదొక్కటే కాదు. బ్రిటన్‌లో 1968 నాటి చట్టం షాట్‌గన్ గొట్టాన్ని 24 అంగుళాలకు తగ్గించి కోయడం నేరమంది. తుపాకీలు కూరగాయల్లా దొరుకుతాయని మనం అనుకునే అమెరికాలో సైతం 1934లోనే చట్టం వచ్చింది. అక్కడి లెక్క ప్రకారం షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా, దాన్ని కేంద్ర ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించాలి. కోసిన తరువాత కాదు, కోయడానికి ముందే దరఖాస్తు పెట్టి అనుమతి పొందాలి. మొదట్లో దానికి 200 డాలర్ల పన్ను పెట్టారు. 1934లో అది చాలా పెద్ద మొత్తం. ఆ పన్ను మారకుండా తొంభై ఏళ్ళు నడిచింది. 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఈ రకం తుపాకీలకు ఆ పన్నును సున్నా చేశారు. పన్ను పోయిందిగానీ రిజిస్ట్రేషన్ పోలేదు. దానికితోడు కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉంటాయి.

అక్కడ ఈ చట్టం మీద పేరుపొందిన కేసు ఒకటి ఉంది. మిల్లర్, లేటన్ అనే ఇద్దరు 18 అంగుళాలకు తగ్గిన షాట్‌గన్‌ను ఓక్లహోమా నుంచి ఆర్కన్సా రాష్ట్రానికి తీసుకువెళ్ళి పట్టుబడ్డారు. సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ వీరి తరఫున వాదించడానికి ఎవరూ రాలేదు. 1939 మే నెలలో కోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆయుధం ఉంచుకునే హక్కు రాజ్యాంగంలోనే రాసుకున్న దేశంలో పొట్టి గొట్టానికి ఇచ్చిన జవాబు అది.

అమెరికా మాట ఊరికే ఎత్తలేదు. ఈ హాలులో సగంమంది పిల్లలు అక్కడ ఉన్నారు. ఉద్యోగ వీసా మీద, చదువు వీసా మీద ఉన్న పిల్లలకు ఒక ముక్క చెప్పండి. అటువంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి కేంద్ర చట్టం కింద నేరం. స్నేహితుడు పొట్టి తుపాకీ చూపించి "పట్టుకో, ఫొటో తీస్తాను" అంటే చేతులు వెనక పెట్టుకోమనండి. ఆరు నెలలకని వెళ్ళే మనకూ ఇదే వర్తిస్తుంది.

మళ్ళీ మా ఇంటి సంగతికి వస్తాను.

కేసు ఐదేళ్ళు నడిచింది. ఆ రోజుల్లో ఆ నేరానికి శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు. మా బావమరిది వాయిదాకు వెళ్ళిన రోజున మా ఆవిడ అన్నం తినేది కాదు. నాతో ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించేది.

ఒకరోజు లేత్ షాపు కుర్రవాడి తండ్రి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఆఫీసులో చేసినోరు, మీకు తెలుస్తాదని వచ్చేనండి. ఇనప గొట్టం తెచ్చి కొయ్యమంటే కోసేడండి మావోడు. రోజూ చేసే పనదేనండి. మీవోళ్ళు కాయితాలున్నోళ్ళు కదండీ, ఒక్క ముక్క ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు. ఆ కుర్రవాడు గల్ఫ్ వెళ్దామని డబ్బు కూడబెట్టుకున్నాడు. కేసు ఉండగా పాస్‌పోర్టు రాలేదు. నేను ఆయనకు వకీలు ఫీజు సర్దుతానని చెప్పాను, సర్దాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తొమ్మిదేళ్ళు ఆ చట్టం పుస్తకం నా సొరుగులో ఉంది. అందులో ముక్క ఒకటి ఒకరికి చెప్పవలసిన రోజున నేను పేకముక్కలు చూసుకుంటున్నాను.

2019లో ఇద్దరినీ సంశయ లబ్ధి కింద వదిలేశారు. కోసి పారేసిన ముక్క దొరకకపోవడం, తుపాకీ అసలు పొడవు లైసెన్సు పుస్తకంలో లేకపోవడం కలిసివచ్చాయి. అదృష్టం అంటాను, న్యాయం అనను. అదే సంవత్సరం డిసెంబరులో చట్టాన్ని సవరించారు. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేస్తే ఇప్పుడు శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా, జరిమానా అదనం. కోసినవాడికీ అంతే, కోయించినవాడి మెడకూ అదే చుట్టుకుంటుంది. మా వాడి కేసు ఈనాటిదైతే ఎలా ఉండేదోనని ఆలోచించడానికే భయం వేస్తుంది.

ఇక మనవాళ్ళు చేయవలసిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాను.

మొదటిది. ఇంట్లో పెద్దలు పోయాక వారి తుపాకీ ఉంటే, అది "నాన్నగారి గుర్తు" అయినా సరే, లైసెన్సు వారితోనే పోయినట్లు. 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత వారసుల్లో ఒకరు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మిగతా వారసుల చేత అభ్యంతరం లేదని రాయించి పెట్టుకుంటే పని సులువవుతుంది. దరఖాస్తు జిల్లాల్లో కలెక్టరుగారికి, కమిషనరేట్లు ఉన్నచోట పోలీసు కమిషనరుగారికి. అప్పగించిన ఆయుధాన్ని గడువులోగా విడిపించుకోకపోతే ప్రభుత్వపరం అవుతుంది.

రెండోది. ఇది మన వయసువారికి ముఖ్యం. పోయేదాకా ఆగనక్కరలేదు. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో, లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్ళుగా ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, తాను కోరిన వారసుడి పేరుకు మార్పించే వీలుంది. ఆ వారసుడికి అర్హతలు ఉండాలి. మీరు ఉండగానే, మీ సంతకం చెల్లుతుండగానే ఈ పని చేయించండి. పిల్లలెవరికీ అక్కరలేదంటే డీలరుకు అమ్మేయండి, లేదా స్టేషన్లో అప్పగించి లైసెన్సు రద్దు చేయించుకోండి. పిల్లలకు పొలం ఇవ్వకపోయినా ఫరవాలేదు, కేసు మాత్రం ఇవ్వకండి.

మూడోది. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకీలకు మించి ఉండరాదు. అంతకు ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. పాతరోజుల్లోలా మూడేళ్ళకోసారి గుర్తుచేసే అలవాటు పోయింది కాబట్టి, ఐదో ఏడు మరిచిపోయేవారు ఎక్కువవుతున్నారు. గడువు తేదీ కాలెండరు మీద కాదు, ఇంట్లో చిన్నవాళ్ళ ఫోనులో రాయించండి. హైదరాబాదుకో బెంగుళూరుకో పిల్లల దగ్గరికి మకాం మార్చేవారు తాళం వేసిన ఇంట్లో తుపాకీ వదిలి వెళ్ళకండి. మారిన చిరునామా ఆఫీసుకు తెలపండి.

నాలుగోది, అన్నిటికన్నా చిన్నది. తుపాకీకి ఏ మరమ్మతు కావాలన్నా లైసెన్సున్న తుపాకీల దుకాణానికే, లైసెన్సు పుస్తకంతో సహా తీసుకెళ్ళండి. లేత్ షాపుకి, కమ్మరి కొలిమికి, వెల్డింగు షాపుకి తీసుకెళ్ళకండి. గొట్టం మీద రంపం పెట్టనివ్వకండి. దాని మీద ఉన్న పేరు, నంబరు గీకనివ్వకండి. అది కూడా నేరమే. తుప్పు పట్టింది, ఇక పేలదు, కాబట్టి అది తుపాకీ కాదు అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. మరమ్మతు చేసినా పనికిరాని స్థితిలో ఉంటేనే చట్టం దానికి మినహాయింపు ఇస్తుంది. ఆ మాట చెప్పవలసింది పరీక్ష చేసే అధికారిగానీ మనం కాదు.

మనం రిటైరయ్యాం. మనల్ని సలహా అడిగేవారు మాత్రం రిటైరు కాలేదు. ఫలానా ఆఫీసులో చేశారు, వీరికి తెలుసు అని ఊళ్ళో ఇప్పటికీ మన గడప ఎక్కుతారు. మీరు ట్రెజరీలో చేసి ఉండవచ్చు, రిజిస్ట్రేషన్లలో చేసి ఉండవచ్చు. అడిగినప్పుడు తల ఎత్తి, మొత్తం విని, పూర్తిగా చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. సగం మాట చెప్పకండి.

ఆ తుపాకీ మళ్ళీ మా బావమరిది ఇంటికి రాలేదు. కేసు పోయాక తనకు వద్దని రాసిచ్చాడు. దసరాకు దాని చోటులో మామగారి చేతికర్ర పెట్టి పూజ చేస్తున్నారు. లేత్ షాపు కుర్రవాడు గల్ఫ్ వెళ్ళే వయసు దాటిపోయి, ఊళ్ళోనే ఉన్నాడు. షాపు గోడ మీద పెయింటుతో ఒక మాట రాయించుకున్నాడు. తుపాకీ పని చేయబడదు అని. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా చదువుకుని వస్తుంటాను.

సమావేశం తరువాత ఎవరికైనా తమ ఇంటి కాగితాల గురించి సందేహాలుంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి. కళ్ళజోడు తెచ్చుకున్నాను.